రేవు దగ్గర విట్మన్‌ని నలుగురితో కలిసి చదువుకోవడం ఎలా

సోదరభావం మీద కవిత్వం అనగానే మన దగ్గర ఒక సభ పెట్టేస్తారు. మైకు, శాలువా, ముఖ్య అతిథి, చివర్లో వందన సమర్పణ. ముందు వరసలో ఎవరు కూర్చుంటారో, వెనక ఎవరు నిలబడతారో ఊళ్ళో అందరికీ ముందే తెలుసు. అమెరికన్ కవి వాల్ట్ విట్మన్‌ని మాత్రం అలా చదవకండి. ఆయన రాసింది వేదిక మీంచి కిందికి చెప్పే మాట కాదు, పక్కన నిలబడ్డవాడితో మాట్లాడే మాట. అందుకే పక్కపక్కన కూర్చుని చదువుకోవాలి, అదీ మన గోదావరి డెల్టాలో అయితే రేవు దగ్గరే కూర్చుని చదువుకోవాలి. అది ఎలా చెయ్యాలో, ఏ కవిత తర్వాత ఏది చదవాలో, ఎక్కడ ఆగాలో వివరంగా రాస్తున్నాను. డెల్టాలో ఏ ఊరివాళ్ళయినా చేసుకోవచ్చు, పెద్ద ఖర్చేమీ ఉండదు.

ముందు ఆయన గురించి రెండు ముక్కలు, ఎవరైనా అడిగితే చెప్పడానికి. 1819లో అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో పుట్టాడు, 1892లో పోయాడు. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పనితో మొదలుపెట్టి పత్రికల్లో పనిచేశాడు. 1855లో లీవ్స్ ఆఫ్ గ్రాస్ అనే పుస్తకం సొంత డబ్బుతో వేసుకున్నాడు, అందులో ఉన్నవి 12 కవితలే. ఆ తర్వాత బతికినంత కాలం అదే పుస్తకాన్ని పెంచుకుంటూ, మార్చుకుంటూ పోయాడు. మనకి కాలం పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, అంటే మన కాలవల్లోకి నీళ్ళొచ్చిన కొత్తల్లో అక్కడ ఆ పుస్తకం అచ్చయింది. ఇంతకంటే జీవితచరిత్ర వద్దు. ఎక్కువ చెబితే అది క్లాసు అయిపోతుంది, జనం చేతులు కట్టుకుని కూర్చుంటారు.

రేవు ఎందుకంటే, ఆయన రాసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కవిత పడవ దాటడం గురించే. క్రాసింగ్ బ్రూక్లిన్ ఫెర్రీ. 1856లో వచ్చిన రెండో ముద్రణలో వేరే పేరుతో అచ్చయింది, ఈ పేరు 1860లో పెట్టాడు. బ్రూక్లిన్‌కీ మన్‌హటన్‌కీ మధ్య ఈస్ట్ రివర్ మీద అప్పట్లో వంతెన లేదు, పనులకెళ్ళేవాళ్ళు రోజూ ఫెర్రీ ఎక్కే అటూ ఇటూ దాటేవాళ్ళు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి పాయ వశిష్ఠ మీద పంటు, అంటే జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కినవాళ్ళకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు. కోటిపల్లి, ముక్తేశ్వరం వైపు వాళ్ళకీ అంతే. స్కూలు పిల్లలు, బైకులు, కూరగాయల బుట్టలు, పెళ్ళిబట్టలు కొనుక్కుని వస్తున్న కుటుంబం, ఆసుపత్రికి వెళ్ళే ముసలాయన, అందరూ ఆ కాసేపూ ఒకే చెక్క మీద నిలబడతారు. విట్మన్ చూసింది కూడా సరిగ్గా అదే జనాన్ని, రోజూ వేసుకునే బట్టల్లో ఇంటికి పోతున్న ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ. వాళ్ళని చూస్తూ, యాభై ఏళ్ళ తర్వాత, వందేళ్ళ తర్వాత, ఇంకెన్ని వందల ఏళ్ళ తర్వాతో ఇలాగే దాటబోయేవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాడు. అంటే మనతోనే. ఆ కవిత ఇన్నాళ్ళూ పాతబడకపోవడానికి నాకు తెలిసిన కారణం ఇదే, అది చదివేవాణ్ణి ముందే లెక్కలో వేసుకుని రాసింది. బ్రూక్లిన్ వంతెన 1883లో తెరిచారు, 1924లో ఆ ఫెర్రీ ఆగిపోయింది, కవిత మాత్రం ఇంకా జనాన్ని దాటిస్తూనే ఉంది.

సమయం సూర్యాస్తమయానికి అరగంట ముందు పెట్టుకోండి. కవితలో కూడా పొద్దు సరిగ్గా అంతే ఉంటుంది, పడమట మబ్బులు, కింద పోటు మీదున్న నీళ్ళు. నరసాపురం లాంటి చోట సముద్రం దగ్గర కాబట్టి పోటూ పాటూ కళ్ళకి కనిపిస్తాయి, వీలైతే పోటు ఉన్న సాయంత్రం చూసుకోండి, పడవవాళ్ళని అడిగితే ఏ రోజు ఏ వేళకి వస్తుందో చెప్పేస్తారు. నడుస్తున్న పంటు మీద మాత్రం చదవొద్దు. ఇంజిను చప్పుడుకి ఒక్క ముక్క వినబడదు, పైగా జనం ఎక్కేదిగే హడావిడిలో గుంపుగా నిలబడటం ప్రమాదం. అవతలి ఒడ్డుకి ఒకసారి అందరూ కలిసి వెళ్ళి రండి, ఆ తర్వాత రేవు మెట్ల మీద కూర్చోండి. మీ ఊరికి రేవు లేకపోతే కాలవ గట్టు చాలు.

ఎవర్ని పిలవాలి అన్నది దీనిలో కష్టమైన పని, దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి. పది పన్నెండు మంది ఉంటే బాగుంటుంది, అందులో సగం మందికైనా కవిత్వంతో పరిచయం లేకపోతే ఇంకా బాగుంటుంది. ఊళ్ళో ఏ పేటకి ఆ పేట నుంచి ఒకరైనా రావాలి, ఇది గట్టిగా పట్టుకోండి. "రండి" అని వాట్సాప్‌లో పెడితే మన పేటవాళ్ళే వస్తారు, మిగతావాళ్ళు ఇది మనకి కాదులే అనుకుంటారు. కాబట్టి నడిచి వెళ్ళండి. గుమ్మంలో నిలబడి "సాయంత్రం రేవు దగ్గర కాసేపు కూర్చుని ఒక కవిత చదువుకుందామండి, మీరూ వస్తే బాగుంటుంది" అని మామూలుగా చెప్పండి, "సాహితీ కార్యక్రమం" అనకండి. లేసు అల్లే ఆడవాళ్ళని పిలవండి, వాళ్ళు అల్లిక తెచ్చుకుని అల్లుతూనే వింటారు. పంటు మీద తాడు వేసే కుర్రాళ్ళకి డ్యూటీ అయిపోయే టైమ్ కనుక్కోండి. రిటైరైన మాస్టారు ఒకరు ఎలాగూ వస్తారు, ఆయన్ని మొదట మాట్లాడమనకండి, దయచేసి చివర మాట్లాడమనండి.

మొదలుపెట్టేది రెండే వాక్యాల కవితతో. టు యు అని దాని పేరు, 1860లో అచ్చయింది. దారిన పోయే అపరిచితుడా, నువ్వు ఎదురుపడి నాతో మాట్లాడాలనిపిస్తే ఎందుకు మాట్లాడకూడదు, నేను మాత్రం నీతో ఎందుకు మాట్లాడకూడదు, అంతే దాని సారాంశం. మనవైపు దీనికి నవ్వుతారు, ఎందుకంటే మన దగ్గర పంటు ఎక్కిన రెండో నిమిషంలోనే "ఏ ఊరండి మీది" అని మాటలు మొదలవుతాయి, గోదావరి వాళ్ళకి అపరిచితుడితో మాట్లాడటం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ వెంటనే "ఎవరి తాలూకండి", "ఇంటిపేరేంటండి" అని రెండో ప్రశ్న వస్తుంది చూడండి, అది ఎందుకడుగుతామో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. అందుకని ఈ కవిత చదివాక ఒక షరతు పెట్టండి, ఈ సాయంత్రం ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగకూడదు. పేరు చెప్పుకోవచ్చు, చేసే పని చెప్పుకోవచ్చు, అంతవరకే. చిన్న షరతులా కనిపిస్తుంది కానీ దీని వల్ల గుంపు మొత్తం మారిపోతుంది, కొందరు మొదటిసారి భుజాలు దించి కూర్చుంటారు.

ఇప్పుడు ఫెర్రీ కవిత. మొత్తం 9 భాగాలు, అన్నీ చదవక్కర్లేదు. మొదటిదీ, మూడోదీ, ఆరోదీ చాలు, ఓపికుంటే చివరిది. ఇంగ్లీషు మూలం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కాపీరైటు గొడవ ఎప్పుడో తీరిపోయింది. తెలుగు మీరే చేసుకోండి, ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఒక ఆదివారం పని. గ్రాంథికం వద్దు, ప్రాసలు అసలే వద్దు, ఆయనే వాటిని వదిలేశాడు. ఈస్ట్ రివర్‌ని వశిష్ఠ అనీ, బ్రూక్లిన్‌ని నరసాపురం అనీ మార్చేయాలని చెయ్యి లాగుతుంది, మార్చకండి. ఆ ఊరు ఆ ఊరుగానే ఉండనివ్వండి, వింటున్నవాళ్ళు తమ ఏటిని తామే తెచ్చి అందులో కలుపుకుంటారు, ఆ పని వాళ్ళకే వదిలేయాలి. మూడో భాగం మొదలు నేనైతే ఇలా చదువుతాను:

కాలం అడ్డు కాదు, చోటు అడ్డు కాదు, దూరం అడ్డు కాదు,
నేను మీతోనే ఉన్నాను, ఒక తరం తర్వాతో ఎన్నో తరాల తర్వాతో వచ్చే మగవాళ్ళారా, ఆడవాళ్ళారా,
ఏటినీ ఆకాశాన్నీ చూస్తుంటే మీకు ఎలా ఉంటుందో నాకూ అలాగే ఉండేది,
ఈ జనంలో మీరొకరు, ఆ జనంలో నేనొకణ్ణి,
కమ్మీకి ఆనుకుని మీరు నిలబడే ఉంటారు, అయినా ప్రవాహంతో పాటు పరుగెడుతూ ఉంటారు, నేనూ అలాగే నిలబడ్డాను, అలాగే పరుగెత్తాను.

వాక్యం పొడుగ్గా ఉందని మధ్యలో విరగ్గొట్టకండి. ఒక పంక్తికి ఒక ఊపిరి, అది చాలకపోతే మధ్యలో కామా దగ్గర చిన్నగా పీల్చుకోండి, పంక్తి చివర మాత్రమే ఆగండి. రాగం తియ్యొద్దు, నాటకం డైలాగులా గొంతు పెంచొద్దు. పంక్తులు ఒకే రకంగా మొదలవడం, ఒకే రకంగా ముగియడం ఈయన పద్ధతి, దాన్ని వాడుకోండి. బుర్రకథలో వంత పలికినట్టు "నాకూ అలాగే" అన్న చోట అందరి చేతా పలికించండి. మొదటి రెండుసార్లు సిగ్గుపడతారు, తర్వాత గొంతులు కలుస్తాయి, ఆ కలిసిన చోట కవిత ఇంకెవరిదో కాకుండా పోతుంది. ఇది చదివి చెబితే తెలిసేది కాదు, చేసి చూడాలి.

ఆరో భాగానికి మాత్రం వంత వద్దు. అది ఒక్కరే చదవాలి, మెల్లగా. చీకటి మచ్చలు పడింది నీ ఒక్కడి మీదే కాదు, నా మీదా పడ్డాయి అంటాడు అక్కడ. అబద్ధాలాడాను, దొంగతనం చేశాను, కుళ్ళుకున్నాను, తోడేలూ పామూ పందీ నాలోనూ ఉన్నాయి అని ఏమీ దాచకుండా చెబుతాడు. సోదరభావం మీద రాసినవాళ్ళు చాలామంది మన మంచితనాన్ని పొగిడి మనందరం ఒకటే అంటారు. ఈయన మన నీచత్వంలో కూడా నేను మీ వాణ్ణే అన్నాడు, అందుకే నమ్మాలనిపిస్తుంది. పైన కూర్చుని "నాయనా, అందరినీ ప్రేమించు" అన్నవాడి మాట ఎంతకాలం నిలుస్తుంది చెప్పండి. ఈ భాగం చదివాక ఎవర్నీ "మీకేమనిపించింది" అని అడగొద్దు. కాసేపు ఊరుకోండి. ఎవరైనా మాట్లాడితే వినండి, లేకపోతే పంటు ఒకటి వచ్చి వెళ్ళేదాకా అలా కూర్చున్నా నష్టం లేదు.

తర్వాత సాంగ్ ఆఫ్ మైసెల్ఫ్ అనే పెద్ద కవితలోంచి ఒక చిన్న ముక్క చదవండి, పదో భాగం చివర ఉంటుంది. పారిపోయి వచ్చిన ఒక బానిస ఇంటి బయట ఆగుతాడు. కవితలోని మనిషి బయటికెళ్ళి అతన్ని లోపలికి తీసుకొస్తాడు, ఒళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తోడి పెడతాడు, ఉతికిన బట్టలిస్తాడు, తన గదిలోంచి దారి ఉన్న గది ఇస్తాడు, మెడమీదా చీలమండల మీదా ఉన్న పుళ్ళకి మందు పట్టీలు వేస్తాడు. వారం రోజులు ఉంటాడు అతను. బల్ల దగ్గర పక్కనే కూర్చోబెట్టుకున్నాను అంటాడు, మూలన తుపాకీ ఆనించి ఉంది అంటాడు. ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి, లేకపోతే ఆ తుపాకీ ఎందుకో అర్థం కాదు. 1850లో అమెరికాలో ఒక చట్టం తెచ్చారు, పారిపోయిన బానిసకి ఆశ్రయం ఇస్తే 1000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. విట్మన్ ఇది అచ్చేసింది 1855లో. అంటే పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడం అప్పుడు నేరం.

వెంటనే, గ్యాప్ ఇవ్వకుండా, అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత ఐ, టూ చదవండి. విట్మన్ 1860లో ఐ హియర్ అమెరికా సింగింగ్ అని రాశాడు, వడ్రంగి, తాపీమేస్త్రి, పడవవాడు, చెప్పులు కుట్టేవాడు, నాగలి పట్టే కుర్రాడు, అమ్మ, బట్టలుతికే పిల్ల, ఎవరి పాట వాళ్ళు పాడుకుంటున్నారని. ఆ జాబితాలో బానిసలు లేరు, అప్పటికి ఆ దేశంలో వాళ్ళు దాదాపు 40 లక్షల మంది ఉన్నారు. హ్యూస్ 1926లో వచ్చిన తన మొదటి పుస్తకంలో దానికి జవాబు చెప్పాడు. నేనూ అమెరికానే పాడుతున్నాను, నేను మీ నల్ల తమ్ముణ్ణి, చుట్టాలొస్తే నన్ను వంటింట్లోకి పంపి అక్కడ తినమంటారు, నేను నవ్వుకుంటాను, బాగా తింటాను, బలంగా ఎదుగుతాను, రేపు మాత్రం బల్ల దగ్గరే కూర్చుంటాను అన్నాడు. ఒక కవి 1855లో కాగితం మీద పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా వంటింట్లోనే ఉన్నాడన్నమాట. పెళ్ళిళ్ళలో ఎవరిని ఏ బంతిలో కూర్చోబెట్టారో, ఎవరిని వేరే వైపు కూర్చోమన్నారో చూసి పెరిగిన మన పెద్దవాళ్ళకి ఈ కవితకి నోట్స్ అక్కర్లేదు. విట్మన్‌ని ఒక్కణ్ణే చదివితే మనసు తేలికపడి ఇంటికి పోతాం, అది చాలదు. హ్యూస్‌తో కలిపి చదివితేనే సోదరభావం అన్నమాటకి బరువు వస్తుంది.

విట్మన్ గురించి ఇంకో మాట కూడా దాచకుండా చెప్పండి. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక నల్లజాతివాళ్ళ ఓటు హక్కు విషయంలో ఆయన వచనంలోనూ మాటల్లోనూ సంకుచితత్వం కనిపిస్తుంది, కవితల్లో ఉన్నంత విశాలత అక్కడ లేదు. ఈ సంగతి దాచి చదివితే ఎవరో ఒకరు ఫోన్‌లో వెతికి బయటపెడతారు, అప్పుడు కవిత మీదే నమ్మకం పోతుంది. ముందే చెబితే, రాసినవాడి కంటే రాసింది పెద్దదిగా ఉండటం ఎలా సాధ్యమో మాట్లాడుకోవచ్చు.

ఇక్కడి దాకా వచ్చాక అమెరికా వదిలి రాజమండ్రి రండి. 1920ల మొదట్లో గరిమెళ్ళ సత్యనారాయణ మాకొద్దీ తెల్లదొరతనము అని పాడి జైలుకెళ్ళాడు, ఆ పాట అందరికీ తెలుసు. దానికి రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న మాకొద్దీ నల్లదొరతనము అని జవాబు రాశాడు, ఇది చాలామందికి తెలియదు. తెల్లవాళ్ళు పోవాలి సరే, మమ్మల్ని అంటరానివాళ్ళని చేసిన మనవాళ్ళ దొరతనం సంగతేంటి అని అడిగాడు. హ్యూస్ అక్కడ చేసిన పని ఈయన ఇక్కడ అంతకు ముందే చేశాడు. దొరికినంత మేర చదవండి, ఇది పాడొచ్చు కూడా, పాటగా కట్టిందే.

ఈ పాట దగ్గర మాటామాటా పెరగొచ్చు. 2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టే విషయంలో అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి, అది మర్చిపోయినట్టు నటిస్తూ కోనసీమలో సోదరభావం మీద కవిత్వం చదవలేం. గొడవ అవుతుందేమోనని టెన్షన్ పడి ఈ భాగం తీసేయకండి. దానికి బదులు ఒక పద్ధతి పెట్టుకోండి, ఎవరైనా సరే "మీవాళ్ళు", "మావాళ్ళు" అని మొదలుపెడితే ఆపి, "నేను చూసింది చెబుతాను" అని మళ్ళీ మొదలుపెట్టమనండి. పార్టీల మాట వస్తే ఆరో భాగంలోని ఆ ఒక్క పంక్తి, చీకటి మచ్చలు నా మీదా పడ్డాయి అన్నది, ఇంకోసారి చదివించండి. ఎవరు గట్టిగా వాదిస్తున్నారో వాళ్ళ చేతే చదివించండి. అందరూ ఏకీభవించి వెళ్ళాలన్న ఆశ పెట్టుకోవద్దు, చివరిదాకా కూర్చుంటే అది చాలా పెద్ద విషయం.

చివర్లో మీ ఊరి జాబితా రాయండి. విట్మన్ రాసినట్టే, మన డెల్టాలో ఎవరెవరు ఏమేం పని చేస్తూ ఉన్నారో తలా ఒక పంక్తి చెప్పాలి, ఒకరు కాగితం మీద రాసుకోవాలి. కొబ్బరి దింపు తీసేవాడు, ఒలుపు కార్మికుడు, రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు, పులసకి వల వేసేవాడు, లేసు అల్లే అమ్మ, తేగలు కాల్చి అమ్మే ముసలమ్మ, ఇవి టకటకా వచ్చేస్తాయి. జాబితా అయిపోయిందనుకున్నాక అసలు ప్రశ్న అడగండి, ఇందులో లేనిదెవరు? అప్పుడు కొంచెం ఆలోచిస్తారు. పంచాయతీ కాలవలు తీసేవాళ్ళు గుర్తొస్తారు. నాట్లకి బెంగాల్ నుంచి వచ్చి మన భాష రాక మన పొలాల్లో వంగి పనిచేసి పోయే కుర్రాళ్ళు గుర్తొస్తారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్‌లో ఇళ్ళల్లో పనికెళ్ళిన ఆడవాళ్ళు గుర్తొస్తారు, అలాంటి ఇంటివాళ్ళు ఆ గుంపులోనే ఉంటారు కూడా. వాళ్ళందరికీ ఒక్కో పంక్తి రాసి, మొత్తం మొదటి నుంచి ఒకసారి పైకి చదవండి. ఈ కాగితం జాగ్రత్తగా ఉంచండి, వచ్చేసారి మళ్ళీ ఇదే ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు.

సంక్రాంతికి అందరూ ఊళ్ళోకి వచ్చినప్పుడు పెడితే రికన్సిలియేషన్ అనే ఆరు పంక్తుల కవిత కూడా కలపండి. అంతర్యుద్ధంలో విట్మన్ వాషింగ్టన్ ఆసుపత్రుల్లో గాయపడ్డవాళ్ళ మంచాల దగ్గర కూర్చునేవాడు, ఉత్తరాలు రాసి పెట్టేవాడు, రెండు పక్షాల సైనికుల దగ్గరకీ వెళ్ళేవాడు. ఆ అనుభవం తర్వాత వచ్చిన కవిత ఇది, నా శత్రువు చనిపోయాడు, నాలాగే దివ్యమైన ఒక మనిషి చనిపోయాడు అని శవపేటిక మీదికి వంగి ఆ తెల్లటి మొహాన్ని ముద్దు పెట్టుకుంటాడు. గట్టు తగాదాల్లో కోర్టుల చుట్టూ తిరుగుతూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళని ఉద్దేశించి చదివినట్టు మాత్రం చెయ్యొద్దు, ఊరికే చదివి తర్వాతి దానికి వెళ్ళిపోండి.

తిండి సంగతి ముందే చూసుకోండి. ఎక్కువ వద్దు, పులిహోర, టీ చాలు. ఒక్క ఇంట్లో వండించకండి, రెండు మూడు పేటల నుంచి తెప్పించండి, అన్నీ ఒకే గిన్నెలో కలిపేసి వడ్డించండి. అందరూ ఒకే వరసలో కూర్చోవాలి, టీకి అందరికీ ఒకే రకం గ్లాసులు ఉండాలి, కొందరికి స్టీలు, కొందరికి కాగితం కప్పులు ఇచ్చారంటే అంతవరకూ చదివిందంతా దండగ. పెద్దవాళ్ళ కోసం కవితల కాగితాలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించండి, చీకటి పడ్డాక చదవడానికి ఛార్జింగ్ లైటు ఒకటి తెచ్చుకోండి. అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళుంటే చివరి పంటు ఎన్నింటికో ముందే కనుక్కుని, దానికి ఇరవై నిమిషాల ముందే భోజనం వడ్డించేయండి.